శుక్రవారం రిమార్కులు

జూలై 3, సోమవారం

పదో తరగతి నా చేతిలోంచి తీసేశారు.

పంతొమ్మిదేళ్ళు ఆ తరగతికి భాష చెప్పాను. ఆ మాట మొహం మీద చెప్పడానికి ప్రిన్సిపాల్‌కి నోరు రాలేదు. టైమ్‌టేబుల్ మడిచి ఆయా చేతికిచ్చి పంపాడు. విప్పి చూస్తే పదో తరగతి గడుల్లో నిన్నగాక మొన్న చేరిన పిల్ల పేరుంది. నా పేరు అట్టడుగున: "సపోర్టు క్లాసు. తొమ్మిదో తరగతి నుంచి తొమ్మిదిమంది. మెట్ల కింద గది."

మెట్ల కింద గది! నిన్నటిదాకా అందులో విరిగిన కుర్చీలుండేవి. ఇప్పుడు నన్ను పెట్టారు. ఆలోచిస్తే పెద్ద తేడా లేదు.

తిన్నగా వెళ్ళి అడిగాను.

"మీలాంటి సీనియర్లయితేనే ఆ పిల్లల్ని ఒడ్డున పడేయగలరు మేడమ్," అన్నాడు కుర్చీ చూపిస్తూ. నేను కూర్చోలేదు.

"నా పదో తరగతి సంగతి చెప్పండి."

"ఈ టర్ము మీ రిపోర్టులు ఎలా వస్తాయో చూద్దాం. అక్టోబరుకి మళ్ళీ ఆలోచిద్దాం."

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎవరి గోడైనా జ్వరం చూస్తున్నట్టే వింటుంది. అంతా విని, "తొమ్మిదిమందేగా? హాయి కదే," అంది.

హాయట. ఈ ఇంట్లో నా బాధ ఎవరికి పట్టింది గనక.

జూలై 4

ఆ కాగితం పన్నెండుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా అందులో అదే ఉంది.

జూలై 7, శుక్రవారం

ఈ సపోర్టు కార్యక్రమం నడిపే సంస్థ నుంచి ఒక కోఆర్డినేటరమ్మాయి వచ్చింది. భుజాన సంచీ, మొహాన చిరునవ్వు. పాతికేళ్ళుంటాయేమో. పాఠం ఎలా చెప్పాలో నాకు నేర్పింది! వారానికొక కృత్యం. శుక్రవారం శుక్రవారం పిల్లల చేత చేయించాలి. చేయించాక ఒక్కొక్కరికి ఒక కాగితం నింపాలి. అందులో రెండు గడులు. మొదటిది "ఈ వారం ఏం చేయగలిగారు?" రెండోది "ఉపాధ్యాయుల రిమార్కులు".

ఈ వారం కృత్యం, బొమ్మ చూసి అందులో ఏం జరుగుతోందో చెప్పడం. పద్నాలుగేళ్ళ గాడిదలకి! బొమ్మలో ఒక ఆవిడ, ఒక గొడుగు, ఒక కుక్క. ఒకడు లేచి, "గొడుగుంది గానీ వాన లేదు టీచర్, బొమ్మే తప్పు," అని వాదన పెట్టుకున్నాడు. వాడికి లాయరని పేరు పెట్టాను. కవలలిద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చున్నారు. కిటికీ పక్క పిల్ల లేచి, "అంటే..." అంది. ఆగాను. "అంటే..." అంది మళ్ళీ. బెల్లు కొట్టేదాకా ఆ ఒక్క ముక్కే. దానికి 'అంటే' అని పేరు పెట్టాను.

పైన మెట్ల మీద స్కూలు స్కూలంతా నా నెత్తిన నడిచి ఇంటికి పోయింది.

మొదటి గడి ఖాళీగా వదిలేశాను. చేయగలిగితే నా గదికెందుకొస్తారు? రెండో గడిలో ఆ పిల్లకి రాశాను: "ఒకే మాట వచ్చు. దానికీ అర్థం ఇంకా తెలియదు."

రాశాక నాకే నవ్వొచ్చింది. నాలుగు రోజుల తర్వాత మొదటి నవ్వు.

జూలై 14, శుక్రవారం

ఈ వారం, ఇంట్లోంచి ఖాళీ డబ్బాలు, పెట్టెలు తెచ్చి వాటి మీద ఉన్నది చదవడం. గది చెత్తకుండీలా తయారైంది. ఊడ్వడానికొచ్చిన ఆయా గుమ్మంలోనే నిలబడి, "ఇదేం పాఠం టీచరమ్మగారూ?" అంది. జవాబు చెప్పడానికి సిగ్గేసింది.

లాయరు సబ్బు పెట్టె మీద "పొడి చోట ఉంచండి" అని చదివి, పొడిగా ఉంటే ఇంక సబ్బెందుకని అడిగాడు. రాశాను: "ప్రశ్నలకి నూటికి నూరు. జవాబులకి సున్న." కవలలకి: "ఇద్దరికీ కలిపి ఒక బుర్ర. ఈ వారం అది ఇంట్లో మర్చిపోయి వచ్చారు."

కాగితాలు స్టాఫ్‌రూంలో బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి అందరూ వాటి చుట్టూ మూగి చదువుకుంటున్నారు. "మీ రిమార్కులు పుస్తకంగా వేయించాలి మేడమ్," అన్నాడు సైన్సు మాష్టారు. వారం మొత్తానికి మనిషిగా బతికింది ఆ పది నిమిషాలే.

జూలై 28, శుక్రవారం

మీకు చేతనైన ఒక పని ఎలా చేయాలో అంచెలంచెలుగా రాయండి. ఇదీ ఈ వారం కృత్యం.

లాయరు, అమ్మ దగ్గర అబద్ధం చెప్పి దొరక్కుండా తప్పించుకోవడం ఎలాగో రాశాడు. 'అంటే' వాళ్ళ నాన్నకి వంతెన మలుపులో టైర్ల పంక్చర్ల షాపుందట. ఒకటిన్నర పేజీ రాసింది, పంక్చరు ఎలా వేయాలో. నోట్లోంచి రెండో ముక్క రాని పిల్ల ఒకటిన్నర పేజీ! టూబు నీళ్ళలో ముంచి తిప్పాలి, బుడగలొచ్చిన చోట గుర్తు పెట్టాలి, తడి ఆరేదాకా ఆగాలి, గరుకు కాగితంతో రుద్దాలి, బంక రాసి వెంటనే అతికించకూడదు, వేలికి అంటుకోనంత ఆరనివ్వాలి. ఒత్తులు గల్లంతు, దీర్ఘాలు గల్లంతు. ముప్ఫై ఏడు తప్పులు. లెక్కపెట్టాను.

రిమార్కు: "పంక్చరు అతికించడం వచ్చు. అక్షరం పక్కన అక్షరం అతికించడం రాదు."

సైన్సు మాష్టారు గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

నిజానికి ఆ కాగితం చేత్తో పట్టుకుని నేనైనా పంక్చరు వేసేయగలను. అది వేరే సంగతి.

ఆగస్టు 4, శుక్రవారం

కోఆర్డినేటరమ్మాయి మళ్ళీ దిగింది. నాలుగు వారాల కాగితాలూ ముందేసుకుని కూర్చుంది. నవ్వలేదు.

"మేడమ్, మొదటి గడి అన్నిట్లోనూ ఖాళీగా ఉంది."

"ఖాళీగా ఉందంటే రాయడానికి ఏమీ లేదని."

"ఏదో ఒకటి ఉంటుంది కదండీ. చిన్నదైనా."

"అమ్మాయ్, నువ్వు పుట్టకముందు నుంచీ నేను పేపర్లు దిద్దుతున్నాను. లేనిది ఉందని రాయడం నాకు చేతకాదు."

ఆ పిల్ల రెండో గడి కేసి చూసి నెమ్మదిగా అంది. "ఇవి వాళ్ళ ఫైల్లో ఉండిపోతాయి మేడమ్."

ఉండనీ! పైవాళ్ళు చదవాలనే కదా రాస్తున్నది. ఇలాంటి రాళ్ళకి నాలాంటి మనిషిని కాపలా పెట్టారని వాళ్ళకి తెలియొద్దూ? చదివి చదివి చివరికి, ఈవిడ ఇక్కడ ఉండాల్సిన మనిషి కాదని వాళ్ళే అనుకోవాలి.

బొడ్డూడని పిల్లలు నాకు నీతులు చెబుతున్నారు.

ఆగస్టు 25, శుక్రవారం

ఆలస్యమైంది. బల్లలు సర్దడానికి ఉండిపోయాను, అంతే. ఈ వారం పేపర్లో శీర్షికలు కత్తిరించి, వాటి కింద వార్త ఏమై ఉంటుందో ఊహించి రాయడం. బెల్లు కొట్టినా ఒక్కరూ కదలరే! కవలలు "వంతెన మూసివేత" అనే శీర్షిక దొరకబుచ్చుకుని, వంతెనే అలిగి ఇంట్లో తలుపులేసుకుందని రాశారు. 'అంటే' చదివి వినిపించింది. వేలు పెట్టి, ఒక్కో మాటా గుంజుకుంటూ, మొత్తం. లాయరు మధ్యలో నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది.

నేను నవ్వానట. అక్క అడిగింది, ఏంటే ఇవాళ మొహం వెలిగిపోతోందని. ఎండదెబ్బ అన్నాను.

ఆ పిల్లకి రిమార్కు: "నత్త కూడా గమ్యం చేరుతుంది. ఈ పిల్ల చేరేసరికి గమ్యం ఖాళీ చేసి వెళ్ళిపోతుంది."

సెప్టెంబరు 8

ఇంకో మూడు వారాలు. అక్టోబరుకి ఆలోచిద్దామన్నాడు కదా. ఇప్పుడు మెతకబడితే, "అబ్బో, మీ చేతిలో బాగుపడుతున్నారు మేడమ్, అక్కడే ఉండండి" అంటాడు. నాకు తెలియదా వీళ్ళ తెలివి.

రిమార్కులు ఘాటుగానే రాశాను. పిల్లలకేం, వాళ్ళు చూసేవి కావుగా.

సెప్టెంబరు 22, శుక్రవారం

ప్రిన్సిపాల్ పిలిచాడు. ఈసారి కూర్చున్నాను.

"అక్టోబరు మూడు నుంచి పదో తరగతి మీదే మేడమ్. ఆ అమ్మాయి వల్ల కావడం లేదు." నా కాగితాల కట్ట ఆయన బల్ల మీదే ఉంది. దాన్ని అరచేత్తో తట్టాడు. "మీ రిపోర్టులు చూశాను. ఏదీ దాచుకోరు మీరు. అంత స్పష్టంగా రాసేవాళ్ళు మన స్కూల్లో లేరు."

చూశావా! కాలం పట్టినా న్యాయం జరిగింది.

సెప్టెంబరు 29

మెట్ల కింద గదిలో చివరి రోజు. వీడ్కోలు గీడ్కోలు ఏమీ పెట్టుకోలేదు. 'అంటే' గుమ్మం దాకా వచ్చి, "అంటే... ఇంక మీరు రారా టీచర్?" అంది. పక్క గదిలోనే కదే ఉంటాను అన్నాను.

అక్టోబరు 4, బుధవారం

ఇవాళ దస్తూరీ చూసుకోను. అక్షరాలు ఎలా వస్తే అలా.

మధ్యాహ్నం ఆయా నా దగ్గరికొచ్చి నిలబడింది. ఏమిటంటే అప్పుడు చెప్పింది.

నిన్న ప్రిన్సిపాల్ ముగ్గురు పిల్లల తండ్రుల్ని పిలిపించాడట. కవలల తండ్రినీ, 'అంటే' తండ్రినీ. మంచినీళ్ళివ్వడానికి తను లోపలికెళ్ళేసరికి టైర్ల షాపాయన నిలబడి ఉన్నాడట, పక్కన కూతురు. "ఆయనకి చదువు రాదంట టీచరమ్మగారూ. అందుకని ఆ కాగితాలు సారే చదివి వినిపిస్తున్నారు. ఒకటి తర్వాత ఒకటి. మీ పేరు చెప్పి మరీ. ఆ పిల్ల నేలకేసి చూస్తా ఉంది. చదవడం అయిపోయాక టీసీ కాగితం మీద ఆయన చేత వేలిముద్ర వేయించుకున్నారు. మిగతా ఆరుగుర్ని వచ్చే వారం పిలుస్తారంట."

అరికాలి మంట నెత్తికెక్కింది. క్లాసు మధ్యలో సుద్దముక్క పడేసి వెళ్ళాను.

"ఆ కాగితాలు పిల్లల్ని పంపించేయడానికి రాసినవా?"

"మరి దేనికి రాశారు మేడమ్?" అన్నాడు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు.

"తొమ్మిదో తరగతి మధ్యలో టీసీ ఇస్తే ఎక్కడికి పోతారు?"

"వాళ్ళకి తగిన చోటికి. వచ్చే ఏడాది ఈ తొమ్మిదిమందీ పదో తరగతి పరీక్ష రాస్తే మన ఉత్తీర్ణత శాతం ఏమవుతుంది? మీ తరగతి శాతం మేడమ్. నేను మీ గురించి కూడా ఆలోచించాను."

"ఆ పిల్ల ఎదురుగా చదివారు!"

"నేను ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. రాసింది మీరు. కింద సంతకం మీది. నేను చదివానంతే."

దుర్మార్గుడు. సిగ్గు లేదు. పసిపిల్ల అని లేదు, తండ్రి అని లేదు. ఎవరి మాటలో తెచ్చి ఎవరి గొంతులో పొడిచాడు!

నా మాటలు.

అక్టోబరు 5

సెలవు పెట్టాను. పొద్దుట్నుంచీ ప్రిన్సిపాల్‌ని తిడుతూ ఇల్లంతా తిరిగాను. అక్క సాయంత్రం దాకా విని, ఉతికిన దుప్పటి మడతపెడుతూ అంది:

"అవన్నీ నువ్వు నాకు చదివి వినిపించేదానివి కదే, శుక్రవారం శుక్రవారం."

"అయితే?"

"నేను నవ్వానా ఎప్పుడైనా?"

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఒళ్ళు మండిపోయింది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. "చెబితే వినే మొహమేనా నీది?" అంది.

అక్టోబరు 6, శుక్రవారం

వంతెన మలుపు దాకా నడిచే వెళ్ళాను. చిన్న షాపు. గుమ్మానికి వేలాడదీసిన టైరు, లోపల నీళ్ళ తొట్టి, నల్లబడ్డ గోడలు. ఆయన ఒక బండి చక్రం విప్పుతున్నాడు. తొట్టి పక్కన పీట మీద ఆ పిల్ల టూబు కడుగుతోంది. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఆ టీచరమ్మ మీరేనా?" అన్నాడు. చక్రం వదల్లేదు.

అవునన్నాను. కూర్చోమనలేదు. ఇంటికొచ్చిన మనిషిని కూర్చోమనడం కూడా తెలియదా అని ఒక్క క్షణం కోపం వచ్చింది. ఆ కోపం వచ్చినందుకు ఇప్పుడు కోపం వస్తోంది.

"మా అమ్మాయి మీ గురించి చెప్పేది టీచరమ్మా. మా టీచర్ భలే మాట్లాడుతుంది నాన్నా, శుక్రవారం అంతా నవ్వులే అని." నట్టు ఊడదీసి డబ్బాలో వేశాడు. "నాకు చదువు రాదు. ఎవరన్నా చదివితే వినాలి. పదమూడు వారాలు చదివాడు ఆయన. అయ్యా, వచ్చు అన్న మాట ఒక్కదాంట్లో కూడా లేదా అని అడిగాను. ఉంది, పంక్చరు అన్నాడు."

దొరికింది ఒక్క మాటే. ఎన్ని మాటలున్న మనిషిని!

"తప్పయింది," అన్నాను. "ఆ కాగితాలు మార్చి రాస్తాను. అమ్మాయిని మళ్ళీ..."

"ఆ గుమ్మం మళ్ళీ తొక్కనివ్వను," అన్నాడు. గొంతు పెంచలేదు. "వంతెనవతల బడిలో చేర్పిస్తున్నాను. సోమవారం నుంచి పోతుంది. మీరెళ్ళండి. బండాయన వచ్చేస్తాడు."

పిల్ల వైపు తిరిగాను. టూబులోంచి నీళ్ళు పిండుతూ, నాకేసి చూడకుండా అంది:

"మీరు నవ్వుతూ అనేవాళ్ళు కదా టీచర్. నవ్వుకి అన్నవి కాగితం మీద కూడా రాస్తారని నాకు తెలీదు."

అక్టోబరు 8, ఆదివారం

పిల్లలు రాసిన శుక్రవారం కాగితాలన్నీ నా అలమరలో అడుగున ఉన్నాయి. తూకానికి వేద్దామని ఉంచానని ఆయాతో అన్నట్టు గుర్తు. పదమూడు కట్టలు, వారం వారీగా, దారం కట్టి. తూకానికి వేసేవాటికి ఎవరు దారం కడతారు?

వాటిని చూసి మొదటి గడులు నింపుతున్నాను. కాగితం లేని చోట గుర్తున్నది రాస్తున్నాను. ఏం చేయగలిగారు. లాయరు: రాసి ఉన్నదాంట్లో తిరకాసు ఎక్కడుందో పట్టుకోగలడు. కవలలు: ఒకడు మొదలుపెట్టిన కథని ఇంకొకడు తెగకుండా ముగించగలడు. 'అంటే': ఒక పనిని ఒక్క మెట్టు కూడా వదలకుండా వరసలో రాయగలదు. పెద్ద శీర్షిక చదివి అర్థం చెప్పగలదు. ఎవరైనా అడ్డొస్తే ఆపగలదు.

తొమ్మిదిమంది, పదమూడు వారాలు. అక్క పక్కన కూర్చుని గీతలు కొట్టి ఇచ్చింది. రాస్తుంటే పట్టలేనంత కోపం. ఇవన్నీ కళ్ళెదుటే జరిగాయి. ఆ కళ్ళు ఎవరివి మరి?

అక్టోబరు 11, బుధవారం

స్కూలు కమిటీ సమావేశం. పెద్దాయన రిటైరైన ఇంజనీరు, ఆయన పక్కన ప్రిన్సిపాల్, మరో ముగ్గురు. చివర్లో కోఆర్డినేటరమ్మాయి. నన్నెవరూ పిలవలేదు. వెళ్ళి నిలబడ్డాను.

చదవడం మొదలుపెట్టాను. మొదటి పిల్లాడు, మొదటి వారం. నాలుగో పిల్ల దగ్గరికొచ్చేసరికి పెద్దాయన గడియారం చూసుకున్నాడు. "సారాంశం చెప్పండమ్మా."

"టీసీలు ఇచ్చేటప్పుడు సారాంశం చదవలేదండీ. పదమూడు వారాలూ చదివారు. ఇవి కూడా పదమూడు వారాలూ వినండి."

విన్నారు. వినక ఏం చేస్తారు, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"బాగానే ఉంది," అన్నాడు పెద్దాయన చివరికి. "ఇవన్నీ అప్పుడే ఎందుకు రాయలేదు?"

ప్రిన్సిపాల్ నా మొహంలోకి చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పొచ్చు. తీరిక లేదనొచ్చు, కాగితం సరిగ్గా లేదనొచ్చు.

"నాకు పదో తరగతి కావాలి కాబట్టి," అన్నాను. "వీళ్ళు ఎందుకూ పనికిరారని రాస్తే అది నాకు తిరిగొస్తుందనుకున్నాను. వచ్చింది. ఈ మాట మినిట్స్‌లో రాసుకోండి."

కోఆర్డినేటరమ్మాయి కలం తీసింది. నిజంగానే రాసుకుంది!

అక్టోబరు 13, శుక్రవారం

ఆరుగురికీ టీసీలు ఆపేశారు. కవలల తండ్రి కాగితం వెనక్కి తీసుకుని ఇద్దర్నీ చేయి పట్టుకుని తెచ్చి దింపాడు. నాకు ఒక మెమో వచ్చింది: "వృత్తిధర్మానికి విరుద్ధం." అందులో తప్పేమీ కనబడలేదు. ప్రిన్సిపాల్‌కి మాత్రం ఏ మెమో లేదు. "విధానంలో లోపం" అని ఒక ముక్క రాసి సరిపెట్టుకున్నారు. మనిషి పేరు లేని లోపం!

పదో తరగతి మళ్ళీ ఆ అమ్మాయికి పోయింది. మెట్ల కింద గది నాకు. కృత్యం, ఎవరికైనా ఉత్తరం రాయడం. ఎనిమిదిమంది. కిటికీ పక్కన ఎవరూ కూర్చోలేదు.

అక్టోబరు 17, మంగళవారం

వంతెనవతల బడికి వెళ్ళాను, కొత్త కాగితాలు పట్టుకుని. తొమ్మిదో తరగతి మాష్టారు పెద్దవాడే. కళ్ళజోడు, బల్ల మీద దిద్దాల్సిన పుస్తకాల గుట్ట. అరవైమంది పిల్లలట. ఫలానా స్కూలు నుంచి వచ్చానని, ఆ అమ్మాయి ఫైలు గురించి అని చెప్పాను. మొహం వికసించింది.

"ఆ ఫైలా! మేడమ్, ఆ రిమార్కులు ఎవరు రాశారో గానీ భలే రాశారండీ. మా స్టాఫ్‌రూంలో అందరం చదువుకున్నాం. 'అక్షరం పక్కన అక్షరం అతికించడం రాదు' అట! రెండు రోజులు అదే మాట అనుకుని నవ్వుకున్నాం." నవ్వుతూనే అన్నాడు, "ముందే తెలిసింది నయం. ఆఖరి బెంచీలో వేశాను. పాపం, ఎక్కువ ఇబ్బంది పెట్టను."

ఆ నవ్వు నాకు తెలుసు. అచ్చం మా స్టాఫ్‌రూం నవ్వు. నా నవ్వు.

"మీకు సిగ్గు లేదా?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీశాడు. "పిల్ల మొహం చూశారా? ఒక్క పేజీ రాయించి చూశారా? ఎవరో ఊసుపోక రాసిన నాలుగు ముక్కలు చదివి మూలన కూర్చోబెట్టేస్తారా?"

"అయ్యో, రాసినావిడ ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న..."

"రాసింది నేనే."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే మరీ ఒళ్ళు మండే సంగతి. కాగితాలు అందుకుని రెండు తిరగేశాడు, తర్వాత గుమ్మంలోకి వెళ్ళి పిల్లని పిలిపించాడు.

వచ్చింది. కొత్త బట్టలు, కొంచెం వదులు. నన్ను చూసి ఆగింది.

"మీ టీచర్ మళ్ళీ రాసి తెచ్చారు," అన్నాడు ఆయన.

"ఏం రాశారు?" నన్ను కాదు, ఆయన్ని అడిగింది.

"చదువుకో," అన్నాను.

తీసుకుని వరండాలో కిటికీ దగ్గర నిలబడింది. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది, పెదాలు కదుపుతూ. మొదటి వారం. రెండో వారం. పిల్లలు అటూ ఇటూ పోతున్నారు. ఒకసారి ఎవరో తగిలితే పక్కకి జరిగి మళ్ళీ అదే వాక్యం దగ్గరికి వచ్చింది. చాలాసేపు పట్టింది. నాకు తొందర లేదు. మాష్టారు కూడా గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఏడో వారం దగ్గర వేలు ఆగింది.

"ఇది నేను కాదు," అంది.

వెళ్ళి చూశాను. "బస్టాపులో బోర్డులు చదివి, అడిగిన పెద్దావిడకి సరైన బస్సు చూపించింది."

"నువ్వే కదా?"

"ఆ వారం నాకు జ్వరం. రాలేదు. బస్సు చూపించింది లాయరు." కాగితం నా ముందుకి చాపింది. చెవులు ఎర్రబడ్డాయి. అంత కోపంగా ఆ పిల్లని ఎప్పుడూ చూడలేదు. "చెయ్యనివి నా పేరు మీద రాయొద్దు టీచర్."

నా చేతిలో కలం ఉంది. తనే తీసుకుంది. గోడకి ఆనించి ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసి, పైన రాసింది: "రాలేదు." మిగతా ఆరు వారాలూ చదివింది. వాటి జోలికి పోలేదు. కాగితాలు మడవకుండా తీసుకెళ్ళి మాష్టారి చేతిలో పెట్టి, కలం నాకిచ్చి, తరగతిలోకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు. ఏ బెంచీలో కూర్చుందో నాకు కనబడలేదు.

ఇంటికొచ్చి హాజరుపట్టీ తీసి చూశాను. ఆగస్టు పద్ధెనిమిది. రాలేదు. తన మాటే నిజం.

రెండోసారి కూడా ఆ పిల్ల గురించి అబద్ధమే రాశాను. ఈసారి చదివి పట్టుకుంది.